కాంపోజిట్ పళ్ల మీద ‘సిరామిక్ కోటింగ్’ వేసెయ్యమంటారా?

పశ్చిమ గోదావరి జిల్లాలో సొంత క్లినిక్ నడుపుతున్న ఒక యువ డెంటిస్టు రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు వద్దన్నారు. నాలుగు పేజీల సారాంశం ఇదీ.

గత మే నెలలో ఆమె ఆడపడుచు పెళ్లి. ముందు పళ్ల మధ్య సందులున్నాయని, పెళ్లికి వారం ముందు పై వరసలో ఆరు పళ్లకీ, అంటే డెంటిస్టుల లెక్కలో 13 నుంచి 23 దాకా (కుడి కోరపన్ను నుంచి ఎడమ కోరపన్ను దాకా), ఈవిడే కాంపోజిట్ వెనీర్లు, అంటే పంటి రంగు రెసిన్‌తో ముందు వైపు పలచని తొడుగులు, చేశారు. పళ్లు అరగదీయలేదు. ఎచింగ్ (యాసిడ్‌తో పంటిని గరుకు చెయ్యడం), బాండ్ (అతికించే రెసిన్), పైన నానోహైబ్రిడ్ కాంపోజిట్. అంతా ఒకే సిట్టింగు, సాయంత్రం ఆరింటికి మొదలుపెడితే రాత్రి పదిన్నర అయింది. కాంపోజిట్ ఇన్‌స్ట్రుమెంటుకి అంటుకుంటూ విసిగిస్తుంటే బ్రష్‌ని బాండింగ్ ఏజెంట్‌లో తడిపి నున్నగా దిద్దారు. పాలిషింగ్ వేళకి ఇద్దరికీ ఓపిక అయిపోయింది. ఒక రబ్బరు కప్పు, కాస్త పేస్టు, అంతే. పెళ్లి ఫొటోలు బ్రహ్మాండంగా వచ్చాయి.

మూడో నెలలో ఆడపడుచు ఫోన్ చేసి, బ్రష్ చేస్తుంటే చిగుళ్ల నుంచి రక్తం వస్తోందంది. ఈవిడ క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ వాడమన్నారు. ఎప్పుడు ఆపాలో చెప్పలేదు, ఆ అమ్మాయి ఆపలేదు. టీ రోజుకి నాలుగుసార్లు. ఇప్పుడు చిగుళ్ల అంచు వెంట గోధుమ రంగు గీత, పళ్ల మధ్య భాగంలో పసుపు ఛాయ, నడిమి రెండు పళ్లు 11, 21 మీద గసగసాల్లాంటి నల్లటి చుక్కలు. ఇంటి నుంచి పనిచేసే ఉద్యోగం కాబట్టి పండక్కి నెల ముందే పుట్టింటికి వచ్చింది. కొత్త అల్లుడు భోగికి వస్తాడు. “డాక్టరు కోడలు చేసిన పనికి ఏడు నెలలకే తుప్పు పట్టింది” అని అత్తగారు వచ్చినవాళ్లందరికీ చెబుతున్నారు.

ఇంతలో ఒక మెడికల్ రెప్ చిన్న సీసా తెచ్చిపెట్టాడు. “నానో సిరామిక్ కోటింగ్, 9 హెచ్ గట్టిదనం, ఐదేళ్లు మరక పడదు” అన్నాడు. ఆమె అడుగుతున్నవి మూడు. ఇది వేసేస్తే గొడవ తీరుతుందా? క్లీనింగ్ అని చెప్పి, కోటింగ్ సంగతి ఎత్తకుండా వేయొచ్చా? లేదంటే ఉన్నవన్నీ తీసేసి, తన ఖర్చుతో అసలైన సిరామిక్ వెనీర్లు పెట్టించాలా? భర్తేమో “ఏదో ఒకటి చేసెయ్, అమ్మ నోరు ఆగాలి” అంటున్నారట.

జవాబు:

మీరు సీసా గురించి అడిగారు గానీ, మీ ఉత్తరంలో అసలు సంగతి ఒక్క వాక్యంలో దాటిపోయింది: మూడో నెలలో చిగుళ్ల నుంచి రక్తం. ఇరవై నాలుగేళ్ల ఆరోగ్యవంతురాలికి, వెనీర్లు పెట్టిన ఆ ఆరు పళ్ల దగ్గరే రక్తం వస్తోందంటే కాంపోజిట్ చిగురు అంచున గట్టు కట్టి ఉండాలి. పన్ను అరగదీయకుండా పైన పేర్చినప్పుడు అంచుని పలచగా దిగలాగకపోతే అక్కడ చిన్న మెట్టు మిగిలిపోతుంది. మెట్టు కింద పాచి చేరుతుంది, చిగురు వాస్తుంది, రక్తం వస్తుంది. మీరు మౌత్‌వాష్ రాశారు. క్లోర్‌హెక్సిడిన్ పంటి మీద అతుక్కుని ఉండిపోయే మందు, దాని బలం అదే. అలా అతుక్కున్నది టీలోని టానిన్లను పట్టుకుని గోధుమ రంగు తేలుతుంది. అందుకే గీత సరిగ్గా చిగురు వెంట ఉంది. రెండు వారాలు వాడి ఆపాల్సిన మందు నాలుగు నెలలు సాగింది. అమ్మాయి టీ మానకపోవడం తప్పేమీ కాదు, ఆమెకి ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు ఆ మెట్టు మీద ఇంకో పొర కోటింగ్ వేస్తే మెట్టు ఎత్తు పెరుగుతుంది. రక్తం ఆగదు. రక్తం వస్తున్న చిగురు పక్కన పన్ను పొడిగా ఉండదు కాబట్టి ఆ కోటింగూ అక్కడ పట్టదు. కాబట్టి సీసా సంగతి తర్వాత, గట్టు ముందు.

మీరు మూడు రంగులు రాశారు. మూడింటికీ కారణాలు వేరు కాబట్టి విడివిడిగా చూడాలి. గోధుమ గీత సంగతి చెప్పాను, అది పైపై మరక. మధ్యలో పసుపు ఛాయకి అనుమానం మీ బ్రష్ మీదకే పోతుంది. బాండింగ్ ఏజెంట్‌లో ఫిల్లర్, అంటే కాంపోజిట్‌కి గట్టిదనమిచ్చే సన్నటి గాజు పొడి, దాదాపు ఉండదు. చాలావాటిలో నీటిని ఇష్టపడే హెమా అనే రెసిన్ ఉంటుంది, ద్రావకమూ ఉంటుంది. దానితో దిద్దిన పైపొర కాంపోజిట్ కాదు, కాంపోజిట్ మీద పరిచిన ఉత్త రెసిన్. అది నీటితోపాటు రంగునీ పీల్చుకుంటుంది. పసుపులోని కర్క్యుమిన్ నూనెలో బాగా కరిగే రంగు. పోపు వేసిన కూరలు, ఆవకాయ తినే నోట్లో అలాంటి రెసిన్ పొరకి రంగు పట్టకపోతేనే ఆశ్చర్యం. పైగా ఆ పొరని డిస్కులతో తీసెయ్యకుండా రబ్బరు కప్పుతో మెరిపించి వదిలేశారు. ఇక నల్లటి చుక్కలు. అవి గాలి బుడగలు. కాంపోజిట్‌ని పొరలుగా అద్దేటప్పుడు లోపల చిక్కుకున్న బుడగ, పైపొర అరిగేసరికి నోరు తెరుచుకుంటుంది. టీ అందులోకి దిగి కూర్చుంటుంది. దాన్ని ఏ పాలిష్ తీయలేదు.

సీసా విషయానికొద్దాం. సిరామిక్ అనే మాటకి మన వృత్తిలో ఒక అర్థం ఉంది. పోర్సలీన్ అయినా, లిథియం డైసిలికేట్ అయినా కొలిమిలో వందల డిగ్రీల వేడిలో గట్టిపడేది. పోర్సలీన్‌ని 900 డిగ్రీల అటూ ఇటూ కాలుస్తారు. మీ కాంపోజిట్‌లోని రెసిన్ 300 డిగ్రీలు దాటితే మాడిపోతుంది. కాబట్టి రెసిన్ మీద సిరామిక్ కాల్చడం అనేది జరిగే పని కాదు. వాక్యూమ్ చాంబర్లో ప్లాస్మాతో అతి పలచని గాజు పొర పేర్చే పద్ధతులు పరిశోధనశాలల్లో ఉన్నాయి, నోట్లో ఉన్న పంటికి అవి పనికిరావు. అలా పేర్చినా ఇంకో చిక్కుంది. వేడి టీ తాగి చల్లటి నీళ్లు తాగితే కాంపోజిట్, పంటి పైపొర అయిన ఎనామెల్ కన్నా రెండు నుంచి నాలుగు రెట్లు ఎక్కువ సాగి ముడుచుకుంటుంది. గాజు అంత సాగదు. కిందది సాగుతూ, పైది బిగుసుకుని ఉంటే పైపొర పగుళ్లిస్తుంది.

మరి సీసాలో ఉన్నదేమిటి? లేబుల్ తిప్పి చూడండి. మెథాక్రిలేట్ లేదా అక్రిలేట్ అని ఉండి, లైట్ క్యూర్ చెయ్యమని, అంటే లైటుతో గట్టిపరచమని ఉంటే అది సర్ఫేస్ సీలెంట్. అంటే పలచని రెసిన్, కొన్నిటిలో కాస్త నానో సిలికా కలుపుతారు. బిస్‌కవర్, పర్మాసీల్ లాంటివి ఈ కోవలోవే. పనికొచ్చే వస్తువే, సరిగ్గా వాడితే మెరుపూ ఇస్తుంది, సన్నటి గీతల్ని పూడుస్తుంది. కానీ పదుల మైక్రాన్ల మందం, బ్రష్ అరుగుదలకి నెలల్లో పలచబడుతుంది, ఏడాదికోసారైనా చూసి మళ్లీ వెయ్యాలి. ఐదేళ్ల మాట నమ్మకండి. ఇక 9 హెచ్ అంటారా, అది రంగు పొరల మీద పెన్సిలుతో గీసి చూసే పరీక్ష. ఆ పెన్సిలు గీత పడలేదనే దానర్థం. ఎనామెల్‌తోనో పోర్సలీన్‌తోనో పోల్చడానికి ఆ అంకె పనికిరాదు. కార్ల కోటింగ్ డబ్బాల మీంచి ఎత్తుకొచ్చిన మాట అది. లేబుల్ మీద లైట్ క్యూర్ సూచన, నోట్లో వాడదగినదన్న మాట, తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ లేకపోతే మూత కూడా తీయకుండా రెప్‌కి తిరిగిచ్చెయ్యండి.

ఇప్పుడు పని. మీ చేతిలో దాదాపు నాలుగు వారాలున్నాయి.

మొదటి రోజు ఫొటోలు తీయండి. కిటికీ పక్కన, ఉదయం పది పదకొండు మధ్య, పక్కన పంటి రంగు పోల్చే షేడ్ గైడ్ ట్యాబ్ పెట్టి, పళ్లు తడిగా ఉన్నప్పుడే. ఐదు నిమిషాలు నోరు తెరిచి పెడితే ఎనామెల్ ఎండి తెల్లగా కనిపిస్తుంది, ఆ రంగుని నమ్ముకుంటే మోసపోతారు. తర్వాత మైనం పూసిన మామూలు ఫ్లాస్‌ని ఒక్కో సందులోకి దింపి పైకి లాగండి. ఎక్కడ పీచులుగా చీలుతుందో అక్కడ గట్టుంది. ముందు వైపు గట్టుకి సన్నటి ఎక్స్‌ప్లోరర్ సూదిని పంటి నుంచి చిగురు వైపు, మళ్లీ వెనక్కి, రెండు దిక్కులా జార్చండి. ఒక దిక్కున తగిలి ఆగితే గట్టు, రెండు దిక్కులా తగిలితే సందు. సందులో గోధుమ రంగు ఉంటే బాండ్ ఊడుతోందని అర్థం, ఆ పంటికి పాలిషింగ్ లెక్కలు పక్కనపెట్టి రిపేరు లెక్కలు వెయ్యాలి.

గట్టు తీయడానికి సన్నటి ఫ్లేమ్ ఆకారపు ఫినిషింగ్ కార్బైడ్ బర్, 12 బ్లేడులదైతే మొదట, 30 బ్లేడులది తర్వాత. తక్కువ ఒత్తిడి, నీళ్లు, చిగురుని కాపాడటానికి సన్నటి రిట్రాక్షన్ దారం గానీ ప్లాస్టిక్ ఇన్‌స్ట్రుమెంట్ గానీ అడ్డం. సందుల్లోకి అబ్రేసివ్ స్ట్రిప్. స్ట్రిప్‌ని కాంటాక్ట్ పాయింట్ (రెండు పళ్లు ఆనుకునే చోటు) మీద రుద్దకుండా, దాని కింద నుంచి దూర్చి చిగురు వైపు మాత్రమే లాగండి. కాంటాక్ట్ తెరుచుకుంటే అన్నం ఇరుక్కోవడం మొదలవుతుంది, అది ఇంకో ఉత్తరం. ఒక్క హెచ్చరిక: మరక ఉంది కదా అని అల్ట్రాసోనిక్ స్కేలర్ టిప్ కాంపోజిట్ అంచు మీద ఆనించొద్దు, పెచ్చు లేస్తుంది.

అదే రోజు క్లోర్‌హెక్సిడిన్ ఆపించండి. మెత్తటి బ్రష్, ఫ్లాస్, అంతే. పది నుంచి పద్నాలుగు రోజుల్లో చిగురు గులాబీ రంగుకి వస్తుంది. అప్పటిదాకా ఏ కోటింగూ వద్దు, ఏ పొరా వద్దు. ఈ రెండు వారాలు ఓపిక పట్టలేకనే చాలామంది రెండోసారి చేసిన పనినీ పాడుచేసుకుంటారు.

చిగురు కుదుటపడ్డాక ఒక్క పన్ను మీద పరీక్ష. ఎక్కువ కనిపించని 13 ఎంచుకోండి. మీడియం డిస్కుతో, నీటి తడితో, ముందు భాగంలో బియ్యపు గింజంత మేర ముప్పై సెకన్లు. కడిగి చూడండి. ఆ ముప్పై సెకన్లలోనే కింద అసలు షేడ్ తేలితే మరక పైపైనే ఉంది. ఇంకాస్త, పదో వంతు మిల్లీమీటరు లోతు దాకా పోతేగానీ తేలకపోతే అది మీ బాండ్ పొర. అంత తీసినా పసుపే ఉంటే కాంపోజిట్ లోపలికంటా రంగు మారింది, బహుశా లైటు సరిగ్గా అందలేదు. మీ క్యూరింగ్ లైటుని కాంతి బలం కొలిచే రేడియోమీటరుతో ఎప్పుడు చూశారు? రాత్రి పదిన్నరకి ఆరో పన్ను చేస్తున్నప్పుడు బ్యాటరీ ఎంత ఉందో, టిప్ మీద ఎండిన కాంపోజిట్ ఎంత ఉందో గుర్తు చేసుకోండి. 23 కన్నా 13 తెల్లగా ఉంటే, మీరు చేసిన వరసతో పోల్చి చూడండి, కారణం అక్కడే దొరుకుతుంది.

ఈ పరీక్ష ఫలితం చేతిలో ఉంటే దారులు తేటపడతాయి.

మరక పైపైనే అయితే ఉత్త రీపాలిషింగ్ చాలు. అల్యూమినియం ఆక్సైడ్ డిస్కులు నాలుగు గ్రేడులూ వరసగా వాడండి, ఒక్కటి కూడా దాటెయ్యొద్దు. గ్రేడు మార్చినప్పుడల్లా పంటిని కడిగి తుడవండి. ముతక డిస్కు నుంచి రాలిన ఒక్క గింజ మిగిలినా చివరి డిస్కు దాన్ని ఈడ్చుకుంటూ గీత గీస్తుంది. తర్వాత 3 మైక్రాన్లు, ఆపై 1 మైక్రాన్ డైమండ్ పేస్టు, ఫెల్ట్ వీల్ గానీ మేక వెంట్రుకల బ్రష్ గానీ, ఒక్కో పంటికి నిమిషం. మనం చేరాల్సిన గురుతు 0.2 మైక్రాన్ల గరుకుదనం, అంతకు మించితే పాచి పట్టడం పెరుగుతుంది. మీ దగ్గర కొలిచే యంత్రం ఉండదు కదా, గాలితో ఆరబెట్టి ఓవర్‌హెడ్ లైటు ప్రతిబింబం చూడండి. లైటు అంచు గీసినట్టు కనిపిస్తే సరిపోయింది, మసగ్గా చెదిరితే ఇంకా పనుంది. దీనికి ఖర్చు దాదాపు లేదు, రెండు గంటల పని, ఎప్పుడైనా మళ్లీ చేయొచ్చు. లోటు ఏమంటే బుడగల చుక్కలు అలాగే ఉంటాయి. వాటిని చిన్న రౌండ్ బర్‌తో తెరిచి, జారుగా ఉండే ఫ్లోయబుల్‌తో కాదు, మామూలు కాంపోజిట్‌తోనే నింపాలి. ఫ్లోయబుల్‌లో ఫిల్లర్ తక్కువ, ఏడాదికి మళ్లీ చుక్క తేలుతుంది.

రీపాలిషింగ్ మీద సీలెంట్ వేయడం రెండో దారి. నిజానికి ‘మీద’ అనకూడదు. సీలెంట్ వేసేట్టయితే మూడో గ్రేడు, అంటే ఫైన్ డిస్కు దగ్గర ఆగిపోవాలి. పేస్టు పూసి మెరిపించాక వేస్తే ఆ పేస్టు జిడ్డు మీద సీలెంట్ పట్టదు. ప్యూమిస్ నీళ్లతో కలిపి శుభ్రం చెయ్యండి, నూనె, ఫ్లోరైడు ఉన్న పేస్టులు వద్దు. చీక్ రిట్రాక్టర్, కాటన్ రోల్స్, పళ్ల మధ్య టెఫ్లాన్ టేపు. 37 శాతం ఫాస్ఫారిక్ యాసిడ్ 15 నుంచి 30 సెకన్లు. అది కాంపోజిట్‌ని గరుకు చెయ్యదు, మురికిని మాత్రం కడుగుతుంది, చుట్టూ ఉన్న ఎనామెల్ అంచుని ఎచ్ చేస్తుంది. ఇరవై సెకన్లు కడిగి ఆరబెట్టండి. ఆరబెట్టే ముందు త్రీవే సిరింజి గాలిని అద్దం మీద పది సెకన్లు ఊది చూడండి. ఆవిరిలా పట్టి ఎగిరిపోతే నీళ్లు, మరకలా మిగిలితే కంప్రెసర్ నూనె. వానాకాలం పోయాక కంప్రెసర్ డ్రెయిన్ తిప్పని క్లినిక్కుల్లో బాండింగ్ కేసులు అకారణంగా ఊడిపోతుంటాయి, కారణం చాలాసార్లు ఇదే.

సీలెంట్‌ని ఒకే పలచని పొర, చిగురు వైపు నుంచి కొన వైపుకి, ఒకే దిక్కున. వేసినచోటికి బ్రష్ మళ్లీ తిప్పొద్దు. గాలి ఊదొద్దు, బుడగలు లేస్తాయి. ద్రావకం ఉన్న రకమైతే లేబుల్ చెప్పినన్ని సెకన్లు ఆగి, తర్వాతే లైటు. టిప్ పంటికి 2 మిల్లీమీటర్ల లోపు ఉండాలి. ఇక్కడ చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. మామూలు కాంపోజిట్‌ని గట్టిపరిచే క్యాంఫర్‌క్వినోన్ 468 నానోమీటర్ల నీలి కాంతికి స్పందిస్తుంది. కొన్ని సీలెంట్లలో, తెల్లగా ఉండాలని వేరే ఇనీషియేటర్ (కాంతి తగిలితే గట్టిపడటం మొదలుపెట్టించేది) వేస్తారు, దానికి 400 దగ్గరి ఊదా కాంతి కావాలి. మీది ఒక్క నీలి ఎల్‌ఈడీ లైటయితే ఆ సీలెంట్ పైన చెయ్యి పెడితే గట్టిగానే ఉన్నట్టుంటుంది, లోపల సగం పచ్చిగా ఉంటుంది. పచ్చి రెసిన్ ఎవరికన్నా ముందు పసుపు తాగుతుంది. క్యూర్ అయ్యాక స్పిరిట్‌లో తడిపిన గాజ్ గుడ్డతో తుడవండి. జిగురుగా తగిలితే పైన గ్లిజరిన్ జెల్ పూసి ఇంకో ఇరవై సెకన్లు ఇవ్వండి. గాలి తగిలినచోట రెసిన్ పైపొర గట్టిపడదు, గ్లిజరిన్ ఆ గాలిని అడ్డుకుంటుంది. టేపు తీసి ప్రతి సందులో ఫ్లాస్ దింపండి, చిగురు దగ్గర మడుగు కట్టిన సీలెంట్ ఉంటే స్ట్రిప్‌తో తీసెయ్యండి. లేకపోతే మీరు తీసిన గట్టు మీరే మళ్లీ కట్టినట్టు.

దీని పర్యవసానం ఎలా ఉంటుందంటే, భోగినాటికి మెరుపు అద్దంలా ఉంటుంది. ఆరేడు నెలలకి పళ్ల కొనల దగ్గర, బ్రష్ గట్టిగా తగిలే కోరపళ్ల దగ్గర పొర లేస్తుంది. సమంగా లేవదు, పాత గోడ సున్నం పెచ్చులూడినట్టు అక్కడక్కడా లేస్తుంది. మిగిలిన పెచ్చుల అంచుల్లో మరక పడుతుంది. అప్పుడు మొత్తం డిస్కుతో తీసి మళ్లీ వెయ్యాల్సిందే. ఆడపడుచు ఏడాదికోసారి వచ్చి కూర్చుంటుందన్న నమ్మకం ఉంటేనే ఈ దారి.

పరీక్షలో రంగు లోపలికి దిగిందని తేలితే పైభాగం కోసి కొత్త పొర వెయ్యడమే నికరం. మీరు అడగకపోయినా, ఆ సీసా కన్నా ‘సిరామిక్’ అన్న పేరుకి దగ్గరగా వచ్చే పని ఇక్కడే ఉంది. ముందు పుట్టీతో సిలికాన్ ఇండెక్స్ (ఇప్పటి ఆకారపు అచ్చు) తీసుకోండి, ఆకారం పోకుండా. డెప్త్ బర్‌తో ముందు వైపు 0.3 నుంచి 0.5 మిల్లీమీటర్లు తీయండి, కింద పాత కాంపోజిట్ మిగలాలి, ఎనామెల్ దాకా పోవద్దు. పాత కాంపోజిట్‌లో కొత్తది పట్టుకునేందుకు స్పందించే కొసలు చాలా తక్కువ మిగిలి ఉంటాయి, అందుకే ఉత్త బాండ్ వేసి అతికిస్తే ఊడుతుంది. సిలికా పూసిన 30 మైక్రాన్ల అల్యూమినా పొడిని, కోజెట్ రకం పొడి, 2 నుంచి 3 బార్ ఒత్తిడితో, 10 మిల్లీమీటర్ల దూరం నుంచి, తిప్పుతూ పది పదిహేను సెకన్లు కొట్టాలి. గింజ తగిలిన దెబ్బకి పుట్టే వేడితో సిలికా ఉపరితలంలోకి దిగబడుతుంది. దాని మీద సిలేన్ పూసి, మూడు నుంచి ఐదు నిమిషాలు ఆరనివ్వాలి. సిలేన్ ఒక చేత్తో సిలికాని, ఇంకో చేత్తో రెసిన్‌ని పట్టుకుంటుంది. ఒకే సీసాలో వచ్చే సిలేన్ పాలలా తెల్లబడి ఉంటే అది చచ్చిపోయినట్టే, పారెయ్యండి. ఆపైన బాండ్, కొత్త కాంపోజిట్.

సిలికా పొడి, బ్లాస్టర్ లేకపోతే మామూలు 50 మైక్రాన్ల అల్యూమినా, అదీ లేకపోతే డైమండ్ బర్‌తో గరుకు చేసి, యాసిడ్‌తో కడిగి, విడిగా సిలేన్, ఆపైన బాండ్. పట్టు కాస్త తగ్గొచ్చు, పనికిరానంత కాదు. బ్లాస్టింగ్ ఏదైనా రబ్బర్ డ్యామ్, హైవాక్యూమ్ సక్షన్, ఇద్దరికీ కళ్లద్దాలు లేకుండా మొదలుపెట్టొద్దు. కాంపోజిట్‌ని గరుకు చెయ్యడానికి నోట్లో హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ వాడే ఆలోచన మాత్రం వద్దే వద్దు. అది చిగురుని కాలుస్తుంది, ఫిల్లర్ గాజు గింజల్ని తినేసి ఉపరితలాన్ని ఇంకా బలహీనం చేస్తుంది.

కొత్త పొరకి ఈసారి బ్రష్‌ని బాండ్‌లో ముంచకండి. అంటుకుంటుంటే కాంపోజిట్‌ని కాస్త చల్లటిచోట పెట్టండి, ఇన్‌స్ట్రుమెంటుని గాజ్ గుడ్డతో పొడిగా తుడుస్తూ ఉండండి. తప్పనిసరైతే ఫిల్లర్ ఉన్న మోడలింగ్ రెసిన్, అదీ తుడిచేసిన బ్రష్‌కి మిగిలినంత. చివరి క్యూరింగ్ గ్లిజరిన్ కింద. పాలిషింగ్ మర్నాడు. రోజుకి మూడు పళ్ల కన్నా ఎక్కువ ముట్టుకోవద్దు. ఈ దారిలో మూడేళ్లు, నాలుగేళ్లు బాగుండే అవకాశం ఎక్కువ. మీ టైము ఎక్కువ పోతుంది, భోగికి ముందు కనీసం వారం మిగిలేట్టు ముగించాలి.

అసలైన సిరామిక్ వెనీర్ల సంగతి త్వరగా చెప్పేస్తాను. మరక పట్టదు, మెరుపు ఏళ్లతరబడి నిలుస్తుంది, మీ అత్తగారి నోరూ మూతపడొచ్చు. కానీ 0.3 నుంచి 0.7 మిల్లీమీటర్ల చోటు కావాలి, పాత కాంపోజిట్ తీసేటప్పుడు కింద ఎనామెల్ ఎంతో కొంత పోతుంది, పోయినది రాదు. ఇప్పటిదాకా ఆ అమ్మాయి పళ్లు చెక్కుచెదరలేదు, మీరు చేసిన పనిలో అన్నిటికన్నా మంచి అంశం అదే. ల్యాబ్ పని, ట్రయల్ కలిపితే పండగ తొందరలో చెయ్యాల్సింది కాదు. మీ అపరాధ భావనకి ఆమె ఎనామెల్ ఖర్చు చెయ్యకండి. ఏడాది తర్వాత ఆమే అడిగితే, ప్రోస్థోడాంటిస్ట్ (కృత్రిమ పళ్ల నిపుణులు) దగ్గరికి పంపండి.

ఇక చెప్పకుండా వేసే విషయం. క్లీనింగ్ అని చెప్పి సీలెంట్ వేశారనుకోండి, ఆరు నెలలకి పెచ్చులూడినప్పుడు ఆమె వాళ్ల ఊళ్లో ఇంకో డెంటిస్ట్ దగ్గరికి వెళ్తుంది. ఆయన చూసి “ఇదేదో పైన పూశారమ్మా” అంటాడు. తుప్పు మాట అత్తగారు అన్నది, ఆ రోజు పడే మాట ఆడపడుచుది, అది మాయదు. చెప్పి చేస్తే ఈ ఇబ్బంది ఏదీ లేదు. మీరు ఎక్కువ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. క్లినిక్‌లో, ఇంట్లో కాదు, అద్దం ఆమె చేతికిచ్చి ఇలా చెప్పొచ్చు: “చిగురు దగ్గర నేను అంచు సరిగ్గా దిగలాగలేదు, దాంతో రక్తం వచ్చింది. మౌత్‌వాష్ ఎప్పుడు ఆపాలో చెప్పలేదు, దాంతో మరక వచ్చింది. మధ్యలో పసుపు నేను వాడిన పద్ధతి వల్ల. ముందు చిగురు బాగుచేస్తాను, రెండు వారాల తర్వాత ఒక పన్ను మీద చూసి ఏం చెయ్యాలో నీకే చూపిస్తాను, నువ్వు చెప్పినదే చేస్తాను.” వదినగా కాకుండా డాక్టరుగా చెబితే ఆమె పేషెంటుగానే వింటుంది. ఆ మాటలు అత్తగారికి ఆమే చెబుతుంది, మీరు చెప్పడం కన్నా అది బాగుంటుంది. మీ వారిని అడగాల్సింది ఒక్కటే: ఈ రెండు వారాలు ఎవరేమన్నా “చికిత్స జరుగుతోందమ్మా” అని ఆయన నోటితో అనమనండి.

మీకు ఇంకో దారీ ఉంది, చిన్నతనంగా భావించకండి. సొంతింటి మనిషి పళ్ల మీద చెయ్యి వణుకుతుందనిపిస్తే గట్టు తీయడం, ఫొటోలు మీరు చేసి, మిగతాది తెలిసిన సీనియర్‌కి అప్పగించండి. కేస్ షీటులో ఏ కాంపోజిట్, ఏ షేడ్, ఏ బాండ్, బ్యాచ్ నంబర్లతో సహా రాసివ్వండి.

సీలెంట్ వాడినా, బిల్లులో, బోర్డు మీద సిరామిక్ అన్న మాట రాయకండి. సర్ఫేస్ సీలెంట్ అనే రాయండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం తప్పుదోవ పట్టించే ప్రకటనల్ని నేరుగా పట్టుకుంటుంది, రెప్ మాట నమ్మి రాశానంటే ఎవరూ వినరు.

ఆ అమ్మాయికి ఇంట్లో పాటించేవి కొన్నే. టీ మానక్కర్లేదు, తాగాక మంచినీళ్లతో పుక్కిలిస్తే చాలు. ఆవకాయకీ అంతే. బొగ్గు పొడి, ఉప్పు, వైటెనింగ్ పేస్టు వద్దు, పాలిష్‌ని గీకేస్తాయి. కొత్త పొర వేసిన మొదటి రెండు రోజులు పసుపు ఎక్కువ పడ్డ కూరలు తగ్గించమనండి. బ్లీచింగ్ చేయించుకోవాలనుకుంటే కొత్త పొరకి ముందే చెప్పమనండి. కాంపోజిట్ తెల్లబడదు, చుట్టూ ఉన్న పన్ను మాత్రం తెల్లబడుతుంది, అప్పుడు షేడ్ తేడా పడుతుంది. పైగా బ్లీచింగ్ అయిన వెంటనే కొత్త పొర పట్టదు, రెండు వారాలు ఆగాలి. ఆ లెక్కన ఈ పండక్కి బ్లీచింగ్ కుదరదని ఇప్పుడే చెప్పెయ్యండి.